షేరూకి నీళ్ళు పెట్టాలి

మా షేరూ గొంతు కింద బిళ్ళలు కట్టాయని మొదట కనిపెట్టింది మా చిన్నది. జనవరి నెల, ఇత్వార్ రోజు. ఆంగన్‌లో కూర్చుని వాడి మెడ పట్టా మారుస్తోంది. "అబ్బా, ఇధర్ ఆవ్! షేరూ గలేమే గోళీల్లాగా ఏవో ఉన్నాయి" అని కేకేసింది. వెళ్ళి చేయి పెట్టి చూశాను. దవడ కింద రెండు వైపులా పెద్ద రేగ్గాయంత గట్టిగా తగిలాయి. నొక్కితే షేరూ మూలగలేదు, తల కూడా వెనక్కి తీసుకోలేదు. పైగా తోక ఊపాడు. నొప్పి లేదు కదా, ఏదో గాలి మార్పు అయ్యుంటుందిలే అనుకున్నాను. నొప్పి లేకపోవడం మంచి గుర్తు కాదని అప్పటికి నాకు తెలియదు.

కుక్కని "వాడు" అంటున్నానని మీలో కొందరికి అదోలా ఉండొచ్చు. మాఫ్ చేయండి, అది పదకొండేళ్ళ ఆదత్. ముసల్మాన్ ఇంట్లో కుక్కేమిటని కూడా కొందరు అడుగుతారు. మా మొహల్లాలో చాలామంది ముఖం మీదే అడిగారు. కాబట్టి ముందు ఆ సంగతి చెప్తాను.

మా అబ్బాజాన్ కడప నుంచి పులివెందుల వెళ్ళే దారిలో ఒక చీనీ తోట కౌలుకి చేసేవారు. కాపు మీదున్నప్పుడు రాత్రుళ్ళు దొంగలు, అడవి పందులు. 2014లో తోట గట్టు మీద ఎవరో వదిలేసిన నాలుగు పిల్లల్లో ఒకటి బతికింది. అబ్బా దానికి పాలు పోసి పెంచి షేరూ అని పేరు పెట్టారు. చేను కాపలాకి, మంద కాపలాకి కుక్కని ఉంచుకోవడానికి షరీఅత్‌లో ఇజాజత్ ఉంది. అబ్బా అదే చెప్పేవారు. "నా దగ్గర జీతం తీసుకోకుండా ఫజర్ దాకా మేలుకుని ఉండే నౌకర్ వీడొక్కడే" అనేవారు.

2021 మే నెలలో అబ్బా కోవిడ్‌తో ఇంతెఖాల్ అయ్యారు. తోట కౌలు వదిలేశాం. మోటారు, పైపులు, గొడ్డలి, పారలు ఆటోలో ఎక్కించి ఇంటికి పంపించాను. షేరూ ఆటో వెనకాల పరిగెత్తాడు. మూడో మైలురాయి దగ్గర నా గుండె ఆగలేదు. ఆటో ఆపించి, పైపుల మీద కూర్చోబెట్టి తెచ్చేశాను.

అమ్మీ గుమ్మంలో నిలబడి చూసింది. ఇద్దత్‌లో ఉంది అప్పుడు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒకటే హుకుం వేసింది: "ఆంగన్‌మే రహ్‌నా. దహలీజ్ పార్ నై కర్‌నా." షేరూకి ఉర్దూ వస్తుందో రాదో గానీ, నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా ఆ గడప దాటలేదు. ముందు కాళ్ళు గడప దగ్గర చాపుకుని, తల వాటి మీద పెట్టుకుని లోపలికి చూస్తూ పడుకునేవాడు. జుమ్మా రోజు సూరయె కహఫ్ తిలావత్ చేసి లేచిన అమ్మీ ఒకసారి వాడిని చూసి నవ్వింది. "అస్హాబె కహఫ్ కా కుత్తా భీ దహలీజ్ పెయిచ్ థా" అంది. అంతే గానీ వాడిని ముట్టుకునేది కాదు. వాడు దగ్గరికొస్తే దుపట్టా చుట్టూ లాక్కునేది. లాలాజలం తగిలితే నమాజ్‌కి బట్టలు పనికిరావని ఆమె పరేషానీ. నాకోసం ఒక పాత లుంగీ కేటాయించింది. షేరూ పనులకి ఆ లుంగీ, నమాజ్‌కి వేరే బట్టలు. ఇంట్లో దాని పేరే "షేరూ లుంగీ".

మళ్ళీ బిళ్ళల దగ్గరికి వస్తాను. ఊళ్ళో డాక్టర్ గారు చూసి పది రోజులు యాంటీబయాటిక్స్ రాశారు. దంతాల్లోనో గొంతులోనో చీము పడితే కూడా ఇలా బిళ్ళలు కట్టొచ్చట. పది రోజులైనా తగ్గలేదు సరికదా, వెనక కాళ్ళ మోకాళ్ళ వెనుక, భుజాల ముందు కూడా తేలాయి. తెలిసినాయన ఒకరు "స్టెరాయిడ్ సూది వేయించు, రెండ్రోజుల్లో కరిగిపోతాయి" అని సలహా ఇచ్చాడు. నేను అదే అడిగితే డాక్టర్ గారు ఒప్పుకోలేదు. "కరగడం కరుగుతాయి. కానీ నేను అనుకుంటున్న జబ్బే అయితే, పరీక్షకి ముందే స్టెరాయిడ్ ఇస్తే జబ్బు పట్టుబడదు, తర్వాత పెద్ద మందులు ఇవ్వాలన్నా సరిగ్గా పని చేయవు. ముందు సూదితో నీరు తీసి పరీక్ష చేయించండి, తిరుపతి వెళ్ళండి" అన్నారు. ఈ ఒక్క మాటకి ఆయనకి జిందగీ భర్ షుక్రగుజార్‌ని.

ఫిబ్రవరి మొదటివారంలో కారు కిరాయికి మాట్లాడుకుని తిరుపతి వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్ళాం. నేను, చిన్నది, షేరూ. రాజంపేట, కోడూరు మీదుగా ఒకవైపే 140 కిలోమీటర్లు. వాడు కారెక్కడం పుట్టాక అదే మొదటిసారి. నందలూరు చేరేలోపే రెండుసార్లు కక్కాడు. డ్రైవర్ ముందే టార్పాలిన్ పరిచాడు కాబట్టి బతికిపోయాం. బాలపల్లి అడవి దగ్గర దింపి నీళ్ళు తాగిస్తే, చెట్లు చూసి తోట అనుకున్నాడో ఏమో, చెవులు నిక్కబెట్టి నా చుట్టూ ఒక రౌండ్ కొట్టి కాపలాకి నిలబడ్డాడు.

అక్కడ డాక్టరమ్మ బిళ్ళల్లోకి సన్నటి సూది గుచ్చి, తీసింది గాజు పలక మీద రాసి, రంగు వేసి మైక్రోస్కోప్ కింద చూసింది. రక్తపరీక్షలు, పొట్ట స్కానింగ్ కూడా అయ్యాయి. అన్నీ చూశాక మమ్మల్ని కూర్చోమంది. డాక్టర్లు "కూర్చోండి" అన్నప్పుడే సగం తెలిసిపోతుంది కదా.

లింఫోమా. మన ఒంట్లోలాగే కుక్క ఒంట్లోనూ జబ్బులతో పోరాడే ఒక రకం తెల్ల కణాలుంటాయి. అవి ఈ గిల్టీల్లో తమ పోలీస్ స్టేషన్లు పెట్టుకుని ఉంటాయి. ఆ కణాలే అదుపు తప్పి పెరగడం ఈ క్యాన్సర్. ఒంటి నిండా తిరిగే కణాలు కాబట్టి ఒకచోట కోసి తీసేసేది కాదు. ఏమీ చేయకపోతే చాలా కుక్కలు నెలా నెలన్నరకి మించి ఉండవు. ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు మాత్రం ఇస్తే ఒకటి రెండు నెలలు హాయిగా ఉండొచ్చు. నాలుగు మందుల కీమోథెరపీ చేస్తే చాలా కుక్కల్లో బిళ్ళలు కరిగిపోతాయి, దగ్గర దగ్గర ఏడాది బతికేవి ఉన్నాయి. కానీ పూర్తిగా నయమవడం అరుదు.

ఆమె చెప్పడం ఇంకా పూర్తి కాలేదు, నేను అనేశాను: "కీమో చేయండి మేడమ్. ఎంతైనా సరే."

ఆమె నా వంక చూసి మెల్లగా అంది: "ఈరోజు ఏమీ చెప్పకండి. ఇంటికెళ్ళి రెండ్రోజులు ఆలోచించండి. మనుషులకి చేసినంత కఠినంగా కుక్కలకి కీమో చేయం. చాలావాటికి వాంతులు, విరేచనాలు కొద్దిగానే ఉంటాయి. కానీ సుమారు ఐదు నెలలు రావాలి, మొదట్లో వారం వారం. మీ కుక్క వయసు, మీ దూరం, మీ ఇల్లు అన్నీ చూసుకోండి."

తిరుగు ప్రయాణంలో చిన్నది కిటికీలోంచి చూస్తూ అడిగింది, "అబ్బా, దాదాజాన్‌ని కూడా ఇలాగే తిరుపతి తెచ్చి ఉంటే?"

దానికి నా దగ్గర జవాబ్ లేదు. కానీ సవాల్ మాత్రం నాలుగేళ్ళుగా నా లోపల ఉన్నదే. 2021లో అబ్బాని ఆసుపత్రిలో చేర్చిన రోజు గేటు దగ్గరే మమ్మల్ని ఆపేశారు. తొమ్మిది రోజులు. ఫోన్లో ఆయన దమ్ము తీసుకునే చప్పుడు వినడం తప్ప ఏమీ చేయలేదు. చివరికి గుసుల్ మా చేతులతో ఇవ్వలేదు. ఎవరో నౌజవాన్లు, అల్లాహ్ వాళ్ళకి జజా ఇవ్వాలి, తెల్ల కవర్లలో ఉన్న వాళ్ళే దఫన్ చేశారు. మేం దూరంగా నిలబడి దువా చేశాం. తండ్రి ఖిద్మత్ చేయలేని కొడుకుని నేను. అబ్బా వదిలి వెళ్ళినవాటిలో ఊపిరున్నది ఒక్కటే మిగిలింది. దాన్ని కూడా ఊరికే పోనిస్తానా?

ఆ రాత్రి ఇషా తర్వాత లెక్కలు వేసుకుంటూ కూర్చున్నాను. కారు కిరాయి, మందులు, ప్రతిసారీ రక్తపరీక్ష కలిపి లక్ష దాటుతోంది. స్కూటర్ అమ్మితే కొంత వస్తుంది. కువైట్‌లో ఉన్న భయ్యాని అడిగితే కొంత. అమ్మీ తస్బీహ్ పక్కన పెట్టి నా కాగితం వంక చూసింది. అమ్మీకి చదువు తక్కువ గానీ అంకెలు బాగా తెలుసు. నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"ఏక్ బాత్ పూఛ్‌తీ హూఁ. తూ జో ఇలాజ్ కరాతూఁ బోల్‌రా, ఓ షేరూకూ కీ, తేరేకూ?"

నాకు కోపం వచ్చింది. లేచి ఆంగన్‌లోకి వెళ్ళిపోయాను. షేరూ చలికి ముడుచుకుని పడుకున్నాడు. నన్ను చూసి లేవబోయి, మళ్ళీ పడుకున్నాడు. వాడి పక్కన మెట్టు మీద కూర్చుని అమ్మీ సవాల్‌కి సాఫ్‌గా జవాబ్ వెతికాను. నందలూరు దగ్గర కక్కుతున్నప్పుడు వాడి కళ్ళు గుర్తొచ్చాయి. ఐదు నెలల్లో ఎన్నిసార్లు ఆ కారు? ప్రతిసారీ సూది. వాడికి ఏడాది అంటే ఏమిటో తెలియదు. ఈరోజు మాత్రమే తెలుసు. ఏడాది కావాల్సింది నాకు. ఆసుపత్రి గేటు దగ్గర నిలబడిపోయిన ఆ కొడుక్కి.

మూడో రోజు తిరుపతికి ఫోన్ చేసి, మాత్రలు చాలని చెప్పాను. డాక్టరమ్మ "సరైన నిర్ణయం" అనలేదు, "తప్పు" అని కూడా అనలేదు. "మాత్ర ఎప్పుడూ తిండితో ఇవ్వండి, మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి. నీళ్ళు చాలా తాగుతాడు, ఎప్పుడూ అందుబాటులో ఉంచండి" అంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. కీమో తప్పని నేను అనడం లేదు. ఆసుపత్రి దగ్గర్లో ఉండి, కుక్క వయసు చిన్నదై, ఖర్చుకి తట్టుకోగలిగితే అది మంచి దారే. మా ఇంటికి, మా షేరూకి అది కుదరలేదు. ఆ తీర్పు ఇచ్చాక రాత్రి నిద్ర పట్టిందని కూడా అబద్ధం చెప్పను. చాలా రాత్రుళ్ళు పట్టలేదు.

ఖబర్ పాకిన తర్వాత సలహాలు మొదలయ్యాయి. మసీదు ముందు ఒకాయన "కుక్కకి క్యాన్సర్ ఇలాజా? దునియాలో గరీబులు అయిపోయారా?" అన్నాడు. గరీబుల హఖ్ గరీబులకే ఇచ్చాను భాయ్, జకాత్ పైసా ఒక్కటీ ఇందులో లేదు అని చెప్పాను. ఆయనకి నచ్చినట్టు లేదు. నిజం చెప్పాలంటే ఆ మాట కన్నా నాకు బాధ కలిగించింది వేరే. కుక్క కోసం ఏడవడానికి మనలో జాగా లేదు. తోటలో ఎద్దు చనిపోతే పరామర్శకి వస్తారు, అది నుక్సాన్ కాబట్టి. కుక్క పోతుందంటే నవ్వుతారు. అందుకే ఆఫీసులో కళ్ళు ఎర్రబడితే జుకామ్ అని చెప్పేవాడిని.

మా ఫుప్పూ మాత్రం నవ్వలేదు. ప్రేమతోనే ఒక సంచి నిండా బిళ్ళగన్నేరు ఆకు తెచ్చింది. మన ఖబ్రస్తాన్‌లలో గులాబీ, తెలుపు పూలతో ఏడాది పొడుగునా పూసే మొక్క. సదాబహార్ అంటాం. అబ్బా ఖబర్ పక్కన కూడా ఉంది. "దీంతోనే క్యాన్సర్ మందు చేస్తారట, నూరి తాగించు" అంది. డాక్టర్ గారికి ఫోన్ చేశాను. ఫుప్పూ చెప్పింది సగం నిజం. విన్‌క్రిస్టిన్ అనే కీమో మందు ఆ మొక్క నుంచే తీస్తారు. వాడికి వేయాలనుకున్న నాలుగు మందుల్లో అదొకటి. కానీ ఆకు పచ్చిగా నూరి పోస్తే అది జహర్. ఎంత వెళ్తోందో, ఏది వెళ్తోందో తెలియదు. ఫుప్పూకి నొప్పి తగలకుండా చెప్పి, ఆకు చెత్తలో పారేశాను. ఏ మేకా నోరు పెట్టకుండా పైన మట్టి కూడా వేశాను.

మాత్రలు మొదలైన నాలుగో రోజుకి బిళ్ళలు సగానికి తగ్గాయి. వారానికి వెతికినా దొరకలేదు. నేను మూర్ఖుడిలా అనుకున్నాను, డాక్టర్లు పొరపాటు పడ్డారేమో, షిఫా వచ్చేసిందేమో అని. షేరూ మళ్ళీ గేటు దగ్గర నిలబడి పాలబ్బాయిని గద్దించాడు. ఆకలి రాకాసిలా పెరిగింది. రొట్టె, అన్నం, చికెన్ స్కిన్, చివరికి చిన్నది పడేసిన జామకాయ తొక్కలు కూడా. దాహం అయితే అడగొద్దు. పొద్దున నింపిన గిన్నె పది గంటలకి ఖాళీ. తాగినదానికి తగ్గట్టు ఆంగన్ అంతా తడి. మా ఇంటావిడ పాపం రోజుకి మూడుసార్లు ఫినాయిల్ వేసి కడిగేది.

మార్చి 2న రంజాన్ మొదలైంది. కడప ఎండలు మీకు తెలుసు, మార్చిలోనే మొదలైపోతాయి. అదే సమయానికి వాడి దాహం ఇంకా పెరిగింది. మేం ఆఫీసులకి, స్కూలుకి పోయాక పగలు ఇంట్లో ఉండేది అమ్మీ ఒక్కతే. 72 ఏళ్ళు, రోజాతో ఉంటుంది. గిన్నె ఎవరు నింపుతారు? మొదటి రోజా నాడు ఈ ఫికర్‌తోనే మధ్యాహ్నం ఇంటికొచ్చాను. గిన్నె నిండుగా ఉంది. పక్కన ఇంకో మట్టి తొట్టి కూడా కొత్తగా వచ్చింది.

"నువ్వు పెట్టావా అమ్మీ?"

"ఔర్ కౌన్ రఖ్‌తే?" అంది తల తిప్పకుండా. "మేరేకూ మగ్రిబ్ తక్ కీ ప్యాస్. ఉస్కూ కబ్ తక్ కీ కీ."

మా చిన్నప్పుడు ఆమే చెప్పేది ఆ వాఖియా. దాహంతో మట్టి నాకుతున్న కుక్క కోసం బావిలోకి దిగి, తన మోజాలో నీళ్ళు నింపి, పళ్ళతో పట్టుకుని పైకెక్కిన మనిషి. అల్లాహ్ అతని గునాహ్ మాఫ్ చేశాడు. మీ అందరి ఇళ్ళల్లోనూ పిల్లలకి చెప్పే కథే. నేను వంద సార్లు విన్నాను. ఆ రోజు మా ఆంగన్‌లో మొదటిసారి చూశాను. అయినా అమ్మీ వాడిని ముట్టుకోలేదు. నీళ్ళు పోసి, దుపట్టా లాక్కుని పక్కకి జరిగేది. వాడూ ఆమె జరిగేదాకా ఆగి, తర్వాతే గిన్నెలో నోరు పెట్టేవాడు. ఇద్దరి మధ్యా అదొక అదబ్.

తిరుపతి డాక్టరమ్మ ఒక పని చెప్పింది. వాడికి బాగా ఇష్టమైనవి ఐదు రాసుకోమంది. రోజూ వాటిని చూసి మంచి రోజో చెడ్డ రోజో గుర్తు పెట్టుకోమంది. చెడ్డ రోజులు మంచి రోజులని దాటిపోయినప్పుడు ఫోన్ చేయమంది. చిన్నది రాసింది: పాలబ్బాయిని అరవడం, ఇఫ్తార్ పకోడీ వాసనకి గడప దగ్గరికి రావడం, నేను స్కూటర్ ఆపితే లేచి రావడం, దాదీ ముందు కూర్చోవడం, నీళ్ళు. మసీదు వాళ్ళిచ్చిన సహరీ ఇఫ్తార్ వేళల కార్డు మా గోడ మీద ఉంటుంది కదా, దాని అంచునే రోజూ ఆకుపచ్చ చుక్కో ఎర్ర చుక్కో పెట్టేది.

11 రోజాల దాకా అన్నీ ఆకుపచ్చలే. 12న దవడ కింద బిళ్ళ మళ్ళీ తగిలింది. మాత్ర మోతాదు మార్చారు, ఫరక్ లేదు. ఈసారి త్వరగా పెరిగాయి. 16న పాలబ్బాయి వస్తే తల మాత్రమే ఎత్తాడు. 19న పకోడీకి రాలేదు. గొంతులో బిళ్ళలు నొక్కి, రాత్రి దమ్ము తీసుకుంటే గరగర వినిపించేది. ఆ చప్పుడు నాకు కొత్త కాదు. ఫోన్లో తొమ్మిది రోజులు విన్నాను.

ఊళ్ళో డాక్టర్ గారు వచ్చి చూసి, "ఇక మందుతో చేయగలిగింది లేదు. ఇలా వదిలేస్తే ఊపిరి ఆడక పోతాడు. కావాలంటే నిద్ర సూది వేస్తాను" అన్నారు. నాకు కాళ్ళు వణికాయి. అది హలాలా, హరామా? నేను ఎవరిని ఒక ప్రాణం తీయమనడానికి?

తరావీహ్ అయ్యాక మౌలానా గారి కోసం ఆగాను. కుక్క గురించి అడగడానికి సిగ్గుపడుతూనే అడిగాను. ఆయన నవ్వలేదు. చెప్పులు వేసుకోబోతున్నవారు మళ్ళీ మెట్టు మీద కూర్చున్నారు. ఈ మసలాలో ఉలమాల మధ్య ఇఖ్తిలాఫ్ ఉందని చెప్పారు. షిఫాకి ఆశ లేక, తకలీఫ్ తగ్గించే వేరే దారి లేనప్పుడు జానవర్‌కి ఆసానీ చేయొచ్చని కొందరు, తినని జానవర్ ప్రాణం అలా తీయకూడదని కొందరు. జబహ్ చేసే మేకకి కూడా కత్తి పదును పెట్టి, కత్తి కనిపించకుండా, తకలీఫ్ లేకుండా చేయమన్న దీన్ మనదని గుర్తుచేశారు. చివరికి అన్నారు: "నీ నీయత్ నువ్వు చూసుకో బేటా. దాని తకలీఫ్ చూడలేక నువ్వు తప్పించుకుంటున్నావా, దాని తకలీఫ్ దానికి తప్పిస్తున్నావా? ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి."

అమ్మీ అడిగిన సవాలే. ఈసారి రెండో వైపు నుంచి వచ్చింది. మొదట, వాడిని ఆపుకోవాలనుకున్నది నాకోసం. ఇప్పుడు పంపించేయాలనుకుంటున్నది ఎవరి కోసం? ఆ రాత్రంతా షేరూ లుంగీ కట్టుకుని వాడి పక్కనే కూర్చున్నాను. పడుకుంటే ఊపిరి ఆడక, లేచి కూర్చుంటే కాళ్ళు ఆగక, సహరీ దాకా వాడు నిద్రపోలేదు. నీళ్ళ గిన్నె ముందు నోరు పెట్టి, మింగలేక, తల అలాగే గిన్నె మీద ఉంచాడు. నీళ్ళు కూడా ఆ ఐదింటిలోంచి పోయాయి. ఆ జవాబ్ నాది కాదు, వాడిది.

23వ రోజా, సోమవారం. అసర్ తర్వాత రమ్మని డాక్టర్ గారికి చెప్పాను. మధ్యాహ్నం ఎండ ఆంగన్ అంతా పరుచుకుంది. రేకుల కింద వాడు రొప్పుతున్నాడు. అమ్మీ లోపలి నుంచి వచ్చి, "అందర్ లే. వరండామే నీడ ఉంది" అంది. దహలీజ్, అమ్మీ, అన్నాను. "మై ధో లేతూఁ" అంది. నేనూ మా ఇంటావిడా గోనెపట్టా మీద వాడిని ఎత్తి, నాలుగేళ్ళలో మొదటిసారి ఆ గడప దాటించాం. వాడు బెదిరినట్టు అమ్మీ వైపు చూశాడు. అమ్మీ ముక్కాలి పీట వేసుకుని కూర్చుంది. దూది నీళ్ళలో ముంచి వాడి పెదాలు తడిపింది. ఒకసారి కాదు, డాక్టర్ వచ్చేదాకా. దుపట్టా అంచు వాడి నోటి దగ్గర తడిసిపోయింది. లాక్కోలేదు.

డాక్టర్ గారు ముందు మత్తు సూది వేశారు. వాడి రొప్పు నెమ్మదించింది. చాలా రోజుల తర్వాత కళ్ళు నిద్రతో మూతపడటం చూశాను. తర్వాత రెండో సూది. నా చేయి వాడి పక్కటెముకల మీదే ఉంది. కొన్ని నిమిషాలే. అమ్మీ "ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్" అని చిన్నగా అంది. చిన్నది గట్టిగా ఏడ్చింది. నేను కూడా. జుకామ్ అని ఎవరికీ చెప్పనవసరం లేకపోయింది.

ఖాలాజాద్ భాయ్‌కి రాయచోటి రోడ్డులో పొలం ఉంది. అక్కడ వేపచెట్టు కింద నడుము లోతు తవ్వి పూడ్చాం. మట్టి మూడు దోసిళ్ళు వేయబోయి ఆగాను, అది మనుషుల దఫన్‌కి. పారతోనే కప్పేశాను. చేతులు కడుక్కుంటుంటే అజాన్ వినిపించింది. భాయ్ ఇచ్చిన ఖజూర్‌తో అక్కడే రోజా విప్పాం. మొదటి గుటక నీళ్ళు గొంతు దిగడానికి కాస్త టైం పట్టింది.

ఇంటికొచ్చేసరికి అమ్మీ వరండా కడిగి, గుసుల్ చేసి, దుపట్టా మార్చుకుని మగ్రిబ్ చదువుతోంది.

ఇవన్నీ ఎందుకు రాస్తున్నానంటే, మీ ఇళ్ళల్లో, తోటల్లో, మేకల మందల దగ్గర కూడా ఇలాంటి ప్రాణాలుంటాయి. నెలకొకసారి వాటి దవడ కింద, భుజాల ముందు, వెనక మోకాళ్ళ వెనుక, ఆడవైతే పొదుగు వెంబడి చేత్తో తడిమి చూడండి. గడ్డ తగిలితే నొప్పి లేదు కదా అని వదిలేయకండి. సూది పరీక్ష కాకుండా స్టెరాయిడ్ వేయనివ్వకండి. తర్వాత ఏ దారి పట్టినా, మా అమ్మీ అడిగిన సవాల్ మాత్రం ఒక్కసారి వేసుకోండి. జవాబ్ వెంటనే దొరక్కపోవచ్చు. నాకు ఏడు వారాలు పట్టింది. అబ్బా విషయంలో నా చేతుల్లో లేనిది నా ఖుసూర్ కాదని కూడా ఆ ఏడు వారాల్లోనే కొంచెం అర్థమైంది. పూర్తిగా అర్థమైందని అనను.

మరుసటి రోజు సహరీకి లేచాను. చీకట్లో ఆంగన్‌లో కుళాయి చప్పుడు. అమ్మీ మట్టి తొట్టి నింపుతోంది. ఆదత్ మీద నింపేసిందో, తెలిసే నింపిందో నేను అడగలేదు. పొద్దెక్కాక రెండు కాకులు, ఒక ఉడత వచ్చి తాగి పోయాయి. ఈద్ అయిపోయింది, తొట్టి ఇంకా అక్కడే ఉంది. ఆఫీసుకి వెళ్ళేటప్పుడు అందులోకి ఒకసారి తొంగిచూసి వెళ్తున్నాను. తగ్గితే నింపుతాను.

దువాల్లో యాద్ ఉంచుకోండి.